రెండో సగం చప్పట్లు

ఆ రోజు గ్రౌండంతా మూగబోయి ఉంటే చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే.

డిసెంబరు నెల. బాస్కెట్‌బాల్ సీజన్‌లో మా కాలేజీ మొదటి మ్యాచ్. హన్మకొండలో డిగ్రీలో చేరి నాకు అప్పటికి కొన్ని నెలలే అయింది. మా ఊరు వర్ధన్నపేట దగ్గర. మా ఊరి బడిలో ఖోఖో తప్ప వేరే ఆట లేదు. ఖోఖోలో రెండు గుంజలుంటాయి. అవి నాటిన చోటే ఉంటాయి, ఒకరివని ఉండవు. బాస్కెట్‌బాల్‌లో అలా కాదట. మెట్ల మీద కూర్చోగానే నా స్నేహితురాలు సౌమ్య చెప్పింది.

"లైబ్రరీ దిక్కున్న బుట్టల పడితే మనకు. క్యాంటీన్ దిక్కు పడితే వాళ్లకు. గంతే. జర చూస్తా ఉండు, ఫోన్ మాట్లాడొస్త."

అంత మాత్రం పాఠం చెప్పి వెళ్లిపోయింది. మా టీంకు కొత్త జెర్సీలు ఇంకా రాలేదు, అందరూ తెల్ల బనియన్లలో ఉన్నారు. జనగామ నుంచి వచ్చిన టీం కూడా తెలుపే. మనుషులను గుర్తుపట్టలేక నేను బుట్టను నమ్ముకున్నాను.

సగం ఆట అయ్యాక ఆగి నీళ్లు తాగారు. మళ్లీ మొదలుపెట్టారు. లైబ్రరీ వైపు బుట్టలో బంతి పడింది. చప్పట్లు కొట్టాను. ఇంకోటి పడింది. ఇంకా గట్టిగా కొట్టాను. చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు కొట్టడం లేదో తెలియలేదు. టౌను పిల్లలు కదా, చేతులు నొప్పి పెడతాయి కాబోలు అనుకున్నాను.

మరొకటి పడ్డాక గ్రౌండు మధ్యలో ఒకతను ఆగి నా వైపు తిరిగి చూశాడు. పొడుగ్గా ఉన్నాడు. చెమటకు జుట్టంతా నుదుటికి అంటుకుపోయింది. కోపంగా ఏమీ చూడలేదు. మంద తప్పి వేరే వాళ్ల మందలో నడుస్తున్న మేకపిల్లను చూసినట్టు చూశాడు.

మ్యాచ్ నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. అతను టవల్ మెడలో వేసుకుని నేరుగా మెట్ల దగ్గరికి వచ్చాడు.

"మేడం, మీది జనగామనా?"

తల అడ్డంగా ఊపాను.

"మరి ఏ కాలేజ్?"

వేలితో మా పాదాల కింది మెట్టును చూపించాను.

"ఇదేనా? వాళ్ల కోచ్ కూడ గంత ఖుషీగ లేడు గదా."

అప్పటికి సౌమ్య పరుగెత్తుకుంటూ వచ్చింది. "సారీ అన్నా. తప్పు నాది. హాఫ్ టైం అయినంక బుట్టలు మారుతయని దీపకు చెప్పలే."

అతను నన్నూ, లైబ్రరీ వైపు బుట్టనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వాడు. ఇప్పుడే ఓడిపోయిన మనిషి అలా నవ్వడం నేను ఎక్కడా చూడలేదు. నాకు మాత్రం ఆ మెట్టు పగిలి లోపలికి పోతే బాగుండు అనిపించింది.

అతని పేరు చైతన్య. బీకాం రెండో సంవత్సరం.

రెండో మ్యాచ్ తొర్రూరు వాళ్లతో. రానని మొండికేస్తే సౌమ్య నా బ్యాగు లాక్కుని వెళ్లి మెట్ల మీద పెట్టింది. బ్యాగులో ఆధార్ కార్డు ఉంది. అది లేకపోతే బస్సులో ఫ్రీ టికెట్ ఇవ్వరు. కాబట్టి వెళ్లాను.

ఈసారి మావాళ్లకు ఎర్ర జెర్సీలు వచ్చాయి. హాఫ్ టైం అయిపోయింది. అందరూ గ్రౌండులోకి వస్తున్నారు. చైతన్య ఆగి, మెట్లన్నీ వెతికి, నా దగ్గర చూపు నిలిపాడు. చెయ్యి చాపి, చూపుడు వేలితో క్యాంటీన్ వైపు బుట్టను చూపించాడు. ఇక నుంచి అటు, అన్నట్టు.

"ఏందే, గిది నీకేనా?" అంది సౌమ్య.

"ఎక్కిరిస్తాండు," అన్నాను చున్నీలో ముఖం దాచుకుంటూ.

ఆ మ్యాచ్ పదకొండు పాయింట్ల తేడాతో గెలిచాం. అంతే, మా వాళ్లకు అది అచ్చొచ్చిందని పట్టుకుంది. మూడో మ్యాచ్‌లో కెప్టెన్ వినయ్ కూడా వేలు చూపించాడు. నాలుగో మ్యాచ్‌లో టీం అంతా చూపించింది. ఆ తర్వాత మెట్ల మీద కూర్చున్న వాళ్లు కూడా లేచి, రెండో సగం మొదలవగానే ఒక్కసారిగా వేళ్లు చాపడం మొదలుపెట్టారు. ఎదుటి టీం వాళ్లు బెదిరిపోయి బుట్టకేసి చూసేవాళ్లు, అక్కడ ఏమైనా ఉందేమోనని. అది నా తెలివితక్కువతనం నుంచి పుట్టిన ఆచారమని తెలిసింది ముగ్గురికే.

అప్పటి నుంచి మా టీం ఓడిపోలేదు. డైరీలో ప్రతి మ్యాచ్ స్కోరు రాసుకుంటూ, ఆటను కూడా నేర్చేసుకున్నాను. ఇప్పుడు అడగండి, చెప్తాను. వినయ్ అన్న ఒక వైపు చూస్తూ ఇంకో వైపు బంతి ఇస్తాడు, అది పట్టుకోవడం మా వాళ్లకే తెలుసు. నిఖిల్ అన్న బోర్డుకు తగిలి వచ్చిన బంతిని కన్నతల్లి అడిగినా ఇవ్వడు. చైతన్య పరుగెత్తుతూ విసిరితే ఎంత దూరం నుంచైనా పడుతుంది. ఒక్కటే లోటు. ఎవరైనా ఫౌల్ చేస్తే, గీత దగ్గర నిలబెట్టి, ఎవరూ అడ్డం రాకుండా, తాపీగా వేసుకో అని ఫ్రీ త్రో ఇస్తారు. అది మాత్రం పడదు. ముగ్గురు మీద పడుతున్నా వేసే మనిషి, ఒంటరిగా నిలబెడితే వేయలేడు.

గమనించారా, అందరినీ అన్న అన్నాను, ఒక్కరిని తప్ప. మా కాలేజీలో సీనియర్లను జూనియర్లు అన్న అనే పిలవాలి. నాకు ఆ ఒక్కరి దగ్గర ఆ మాట రాలేదు. వేరే మాట ఏదీ తెలియదు. అందుకని ఏమీ అనకుండానే సీజనంతా నడిపించాను.

ఐదో మ్యాచ్ రోజు వాన పడింది. చలికాలంలో ఎవరూ పిలవని వాన. గ్రౌండు మీద నీళ్లు నిలిస్తే ఆట ఆపి, మా వాళ్లు గోనెసంచులు తెచ్చి తుడవడానికి కూర్చున్నారు. తుడిచినంత మేర మళ్లీ తడుస్తోంది. వినయ్ అన్న ఆకాశం వైపు చూసి, "జర ఆగు స్వామీ, మూడో క్వార్టర్ అయినంక పడుదువు గాని," అని బతిమాలుతున్నాడు.

నేను లైబ్రరీ వరండాలో స్తంభం వెనక నిలబడ్డాను. గోనెసంచి పిండుతూ చైతన్య అక్కడికి వచ్చాడు.

"ఇయ్యాల పిల్లర్ ఎనుక దాక్కున్నవేంది? రెండో సగం మొదలైనప్పుడు నువ్వు దొర్కకుంటె అంపైర్‌కు వేలు చూపియ్యాల్నా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ధైర్యం చేసి, ఆ నెలలో దాచిపెట్టుకున్న మాటంతా ఒకేసారి అనేశాను.

"ఒక్కసారి తప్పైంది. నాకిప్పుడు తెలుసు బుట్టలు మారుతయని. రోజు అందరి ముందట చూపిచ్చి నవ్వుడెందుకు?"

అతని ముఖం మారిపోయింది. గోనెసంచి నుంచి నీళ్లు కారుతున్నాయి, అతనికి పట్టలేదు.

"నవ్వుతాన అనుకున్నవా?"

"మరి?"

"దీపా, అది..."

"చైతూ, సంచి తేరా, ఇక్కడ చేపలు ఈత గొడుతున్నయ్," అని వినయ్ అన్న అరిచాడు. అతను వెళ్లిపోయాడు. వాన ఆగింది. ఆ మ్యాచ్ కూడా గెలిచాం. కాని ఆ రోజు రెండో సగంలో అతను ఎవరికీ వేలు చూపించలేదు. మెట్ల మీద అందరూ చూపించారు. చూపించాల్సిన మనిషి తల వంచుకుని గ్రౌండులోకి దిగాడు.

చూపిస్తుంటే కోపమొచ్చింది. చూపించకపోతే ఏదో పోయినట్టుంది. నాకే నేను అర్థం కాలేదు.

సెమీఫైనల్ జనవరి మూడో వారంలో. ఊళ్లో అప్పటికే మేడారం జాతర సందడి మొదలైంది. రోడ్ల మీద బస్సులు, ట్రాక్టర్లు, కొట్ల ముందు బెల్లం గుట్టలు. సమ్మక్క తల్లికి ఇచ్చే బెల్లాన్ని మేము బంగారం అనే అంటాం. మనసులో కోరిక పెట్టుకుని, అది తీరితే మనిషి ఎత్తు బంగారం ఇస్తామని మొక్కుతాం. తక్కెట్లో ఒక వైపు మనిషిని కూర్చోబెట్టి, ఇంకో వైపు అంత బరువు బెల్లం పెట్టి తూస్తాం.

ఆ మ్యాచ్ చివరికి మేము ఒక్క పాయింటు వెనక ఉన్నాం. కొద్ది సెకండ్లే మిగిలాయి. చైతన్య బుట్ట కిందికి దూసుకుపోతుంటే ఎవరో చెయ్యి లాగారు. విజిల్. ఫౌల్. రెండు ఫ్రీ త్రోలు.

మెట్ల మీద అందరూ తలలు పట్టుకున్నారు. "గీయనకా," అన్నారు ఎవరో వెనక.

అతను గీత దగ్గర నిలబడ్డాడు. బంతిని నేలకు కొట్టాడు. అరచెయ్యి నిక్కరుకు తుడుచుకున్నాడు. నాకు తెలియకుండానే కళ్లు మూసుకున్నాను. చేతులు జోడించాను. నా పెదాలు వాటంతటవే కదిలాయి.

"సమ్మక్క తల్లీ, రెండూ పడాలె. పడితె ఆయన ఎత్తు బంగారం ఇస్త."

మెట్లు అదిరాయి. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ అదిరాయి. కళ్లు తెరిచేసరికి మా వాళ్లు చైతన్యను భుజాల మీద ఎత్తుకున్నారు. ఫైనల్‌కు వచ్చేశాం.

సౌమ్య మాత్రం గ్రౌండును చూడడం లేదు. నన్నే చూస్తోంది.

"ఆయన ఎత్తు బంగారమా," అంది నెమ్మదిగా. "దీపా, గాయన ఎత్తెంతో సూసినవా అసలు?"

ఆ సాయంత్రం నాయినమ్మతో చెప్పక తప్పలేదు. మా నాయినమ్మ కట్టమ్మ ఇంతవరకు ఒక్క సమ్మక్క జాతరను కూడా తప్పలేదు. ఈసారి గురువారం మా ఊరి ట్రాక్టర్‌లో పోతోంది. పప్పులో రాళ్లు ఏరుతూ విన్నది.

"ఎవల కోసం మొక్కినవ్ బిడ్డా?"

"మా కాలేజ్ టీం కోసం."

"టీం అంటె ఎంతమంది?"

"పన్నెండు మంది."

చేట కింద పెట్టింది. "పన్నెండు మందిని తూసెటంత బెల్లం వరంగల్ల ఉంటదా?"

"అందరు కాదు. ఒక్కలే."

"ఎవలు?"

నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. ఆమె నన్ను చూసింది. మళ్లీ చేట తీసుకుంది.

"సరే. ఫైనల్ ఎప్పుడు?"

"జాతరైనంక."

"ఐతె దాని ముందట తీరాలె. మొక్కు తీర్సకుంట ఇంకో ఆట ఆడనిస్తవా ఆ పిలగాన్ని? ఇగో, తక్కెట్ల మొదటి ముద్ద మొక్కినోళ్లే ఎయ్యాలె. ఏసేటప్పుడు మనిషి పేరు పైకి చెప్పాలె, తల్లికి ఇనవడెటట్టు. గది మనింటి పద్ధతి. మనసుల అనుకుంటె చెల్లదు."

రాత్రంతా అదే ఆలోచన. పేరు పైకి చెప్పాలి. సీజనంతా ఏ మాటా అనకుండా తప్పించుకున్న మనిషి పేరు. నిజంగానే అతను నన్ను ఆటపట్టిస్తున్నాడే అనుకుందాం, ఈ బెల్లం కథ తెలిస్తే ఇక కాలేజీలో మూడేళ్లూ నవ్వులే. చెప్పకపోతే మొక్కు తీరదు. మొక్కు తీరకుండా ఫైనల్ ఆడితే, ఓడితే, అది నా వల్లే.

"గంత ఫికర్ ఎందుకే," అంది సౌమ్య మరునాడు. "మీ నాయినమ్మను తీస్కొని బీటుబజార్ల రాజేశ్వర్ సేటు కొట్టుకు పో. బెల్లం మస్తుంటది. అందాజకు తూయించుకోండ్రి."

దాని కళ్లలో ఏదో ఉంది. అప్పుడు పట్టించుకోలేదు.

బీటుబజారు వీధంతా బెల్లం వాసన. రాజేశ్వర్ సేటు కొట్టు ముందు, పైకప్పు దూలం నుంచి పెద్ద తక్కెడ వేలాడుతోంది. మనుషులు కూర్చునేంత పలకలు. సేటు నుదుట బొట్టు, చెవిలో పెన్నుతో గల్లా దగ్గర కూర్చున్నాడు.

"సేటూ, మనిషెత్తు బంగారం గావాలె," అంది నాయినమ్మ.

"మంచిదమ్మ. ఆధార్ కార్డియ్యి, బెల్లం ఎవలు కొంటాన్రో సర్కారుకు రాసియ్యాలె. మనిషేడి?"

"రాలే."

"రాకుంటె ఎట్ల తూస్త? పోనీ బరువెంత?"

నాయినమ్మ నా వైపు తిరిగింది.

"తెల్వదు," అన్నాను ఆధార్ కార్డు తీస్తూ.

"ఎత్తన్న చెప్పు బిడ్డా, అందాజ కడత."

నా తల మీదుగా చెయ్యి ఎత్తి చూపించాను. ఇంకొంచెం పైకి జరిపాను. సరిగ్గా అప్పుడే లోపలి గోదాం నుంచి, గుమ్మం తగలకుండా తల వంచి, భుజం మీద బెల్లం బస్తాతో చైతన్య బయటికి వచ్చాడు.

నా చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

సౌమ్య కళ్లలో ఉన్నదేమిటో అప్పుడు తెలిసింది.

నాయినమ్మ నా చేతినీ, అతని తలనూ చూసింది. "గీ పిలగానంత ఉంటడా?"

"ఆఁ," అన్నాను. ఇంకేమనగలను?

"ఐతె సేటూ, నీ పోలికలే ఉన్నయ్, నీ కొడుకే గదా, జర గీ పిలగాన్నే కూసోబెట్టు. అందాజ దొరుకుతది."

చైతన్య బస్తా దింపి, నన్ను చూసి, ఏమీ అడగకుండా తక్కెట్లో కూర్చున్నాడు. పలక కిందికి దిగింది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"ఎవరి మొక్కమ్మా?" అన్నాడు నాయినమ్మతో.

"మా మనవరాలిది. వాళ్ల కాలేజ్ల ఎవలో పోరడట, బుట్టల బంతి పడాల్నని మొక్కిందట."

తక్కెడ గొలుసు కిర్రుమంది.

"ఎన్ని బంతులట?"

"రెండట."

అతను కదలడం మానేశాడు. నవ్వలేదు. నేను ఎదురుచూసిన నవ్వు ఎక్కడా లేదు. చెవులు మాత్రం మా జెర్సీ రంగుకు తిరిగాయి.

"సేటూ, ఇగ తూయి," అంది నాయినమ్మ. "బిడ్డా, మొదటి ముద్ద నువ్వెయ్యి."

బెల్లం ముద్ద రెండు చేతులా ఎత్తాను. ఇక్కడ పేరు చెప్పకుండా ముద్ద పెట్టేయొచ్చు. అందాజా అని అనుకుంటారు. బరువు సరిపోతుంది. ఎవరికీ తెలియదు, సమ్మక్క తల్లికి తప్ప.

గీత దగ్గర ఒంటరిగా నిలబడడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఎవరూ అడ్డం లేరు. తాపీగా వేసుకోవచ్చు. అందుకే అంత కష్టం.

"చైతన్య," అన్నాను. నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పక్క కొట్టు అతను కూడా తల తిప్పాడు. "చైతన్య ఎత్తు బంగారం, తల్లీ."

ముద్ద పలక మీద పెట్టాను.

సేటు చెవిలోంచి పెన్ను తీశాడు. నాయినమ్మ అతన్ని మళ్లీ మొదటి నుంచి, కింది నుంచి పైదాకా చూసింది. "అందాజ కాదన్నట్టు, అసలు మనిషే," అంది.

సేటు, నాయినమ్మ బస్తాల వైపు జరిగారు, కావాలనే కాబోలు. చైతన్య తక్కెట్లోనే ఉన్నాడు, దిగడానికి లేదు.

"అందరు జూనియర్లు అన్న అంటరు. నువ్వొక్కదానివే ఏమనకపోతుంటివి," అన్నాడు. "ఇయ్యాలన్న పేరు పెట్టి పిలిచినవ్."

"మొక్కు కోసం."

"సరే, మొక్కు కోసమే. నేనొక మాట చెప్పాల్నా? వాన రోజు సగంల ఆగింది."

తల ఊపాను.

"ఫస్ట్ మ్యాచ్ల మనం ఓడిపోతానం. మెట్ల మీద సప్పుడు లేదు, మనోళ్లే ఫోన్లు చూస్కుంటాన్రు. ఒక్కరు మాత్రం ఎవరు ఏం అనుకుంటరో అని లేకుంట, గంత నమ్మకంగ కొడుతాన్రు. వాళ్లకు కొట్టినవా మనకు కొట్టినవా, నాకు గది గాదు. ఆ చప్పట్లు మా దిక్కు రావాలె అనిపించింది. అందుకే ఎటు కొట్టాల్నో చూపించిన. నవ్వడానికి కాదు."

బెల్లం మీద వాలిన తేనెటీగను తోలాను. తోలాల్సిన పని లేదు.

"మరి ఫ్రీ త్రోలు?" అన్నాను. "ఎప్పుడు పడవు గదా."

"పడవు. నిలవడితె అందరు నన్నే చూస్తరు, చేతులు వణుకుతయ్. ఆ రోజు మెట్ల దిక్కు చూస్తె, నువ్వు కండ్లు మూస్కొని ఉన్నవ్. ఒక్కరన్న చూస్తలేరు అనుకొని ఏసేసిన."

ఈసారి నవ్వు ఆపుకోలేదు. అతనూ నవ్వాడు. తక్కెడ ఊగింది.

"ఓయ్, కదలకు, తూకం తప్పుతది," అని సేటు వచ్చి ముద్దలు పేర్చడం మొదలుపెట్టాడు. బెల్లం పైకి పైకి లేచింది. చివరికి రెండు పలకలూ సమానంగా నిలిచాయి.

"పైసలు తియ్యకమ్మా," అన్నాడు సేటు నాయినమ్మతో. "నా కొడుకు బరువు, నా కొట్టు బెల్లం."

"మొక్కింది మా పిల్ల. మాదే చెల్లాలె," అంది నాయినమ్మ, కొంగు ముడి విప్పుతూ. "తల్లి దగ్గర బేరాలు పెట్టకు సేటూ."

సేటు ఆమెను చూశాడు. నన్ను చూశాడు. తక్కెట్లో ముడుచుకుని కూర్చున్న కొడుకును చూశాడు. పక్క బస్తాలోంచి పెద్ద ముద్ద ఒకటి తీసి మా వైపు పలక మీద పెట్టాడు. చైతన్య ఒక్కసారిగా గాలిలోకి లేచాడు.

"సరే అమ్మా. బరువు మీది, కొసరు మాది," అన్నాడు. "చదువులైతె కానీయుండ్రి ముందుగాల. ఆ తర్వాత సంగతి మీరు మేము కూసుండి మాట్లాడుదాం."

నాయినమ్మ పైసలు లెక్కపెట్టి ఇచ్చింది. కాని కొసరు ముద్దను వేరే గుడ్డలో చుట్టి, తన కొంగుకే కట్టుకుంది.

గురువారం బంగారం మేడారంలో తల్లి కొలువుండే గద్దెల దగ్గరికి చేరింది. ప్రసాదంగా తిరిగి వచ్చిన బెల్లం నా బ్యాగులో ఉంది, పన్నెండు మందికీ సరిపోయేంత.

ఫైనల్ జాతరైన తర్వాతి శనివారం. ఎదుటి టీం గట్టిదే అంటున్నారు. ఉండనీయండి. వినయ్ అన్న చూడని వైపు బంతి ఇస్తాడు. నిఖిల్ అన్న బోర్డు దగ్గర ఎవరినీ నిలవనీయడు. ఇక ఫ్రీ త్రో వస్తే నేను కళ్లు మూసుకుంటాను.

మిగతా ఆటంతా మెట్ల మీద మొదటి వరుసలోనే కూర్చుంటాను, ఏ స్తంభం వెనకా కాదు. రెండో సగం మొదలవగానే అతను వేలు చూపిస్తాడు. చూపించకముందే నా చేతులు అటే తిరిగి ఉంటాయి.